స్కానింగ్ చేసే చేతికి పని పట్టుబడిందని తేల్చేది ఎలా?

ఐదో నెలలో బిడ్డ అవయవాల్లో లోపాలున్నాయేమో చూసే టిఫా స్కానింగ్ రిపోర్టు తీసి చూడండి. అడుగున సాధారణంగా రెండు వాక్యాలు కనిపిస్తాయి. మొదటిది, కడుపులో ఉన్నది ఆడో మగో తాను చూడలేదనీ, ఎవరికీ ఏ రకంగానూ చెప్పలేదనీ డాక్టరు ఇచ్చే ధ్రువీకరణ. చట్టం అడుగుతుంది కాబట్టి అది రాయక తప్పదు. రెండోది, బిడ్డలో ఉన్న లోపాలన్నీ స్కానింగ్‌లో కనపడకపోవచ్చు అనే హెచ్చరిక.

ఆ రెండో మాటా నిజమే. తల్లి పొట్ట మీద కొవ్వు మందంగా ఉన్నా, ఉమ్మనీరు తగ్గినా, బిడ్డ వీపు పైకి పెట్టి పడుకున్నా, ఎంత ఖరీదైన యంత్రంలోనైనా గుండె గదులు సరిగ్గా కనపడవు. అయితే కనపడకపోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ప్రోబ్ (ఒంటి మీద ఆనించి జరిపే పరికరం) పట్టుకున్న చెయ్యి అసలు అక్కడిదాకా వెళ్లకపోయి ఉండొచ్చు. వీటిలో ఏది జరిగిందో రిపోర్టు చదివేవాళ్లకు తెలిసే దారి లేదు.

2022లో తెలంగాణ ప్రభుత్వం 44 ఆస్పత్రుల్లో 56 టిఫా యంత్రాలు పెట్టింది. యంత్రం వచ్చిందో లేదో బిగించిన రోజే తెలిసిపోతుంది. దాని ముందు కూర్చునే డాక్టరుకు పని పట్టుబడిందో లేదో ఎవరు చెబుతారు, దేన్ని చూసి చెబుతారు? మెడికల్ కాలేజీల్లోనూ కోర్టుల్లోనూ ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న ఇది. చిక్కుముడి విప్పాలంటే ముందు స్కానింగ్‌కు ఉన్న ఒక ప్రత్యేక లక్షణం నుంచి మొదలుపెట్టాలి.

తీయనిది ఎవరికీ కనపడదు

సీటీలో రోగిని పడుకోబెట్టి బల్లను లోపలికి పంపితే ఛాతీ మొత్తం పొరలు పొరలుగా కంప్యూటర్లోకి వచ్చేస్తుంది. ఆ బొమ్మల్ని ఒక డాక్టరు తప్పుగా చదివినా, రేపు ఇంకొకరు తీసి మళ్లీ చదవొచ్చు. తప్పు దొరుకుతుంది.

అల్ట్రాసౌండ్‌లో ఆ వెసులుబాటు లేదు. బొమ్మ తీసేదీ చదివేదీ ఒకరే. ప్రోబ్‌ను ఎక్కడ ఆనించాలి, ఎంత వంచాలి, ఎక్కడ ఆపి ఫ్రీజ్ చేయాలి అన్నవి ఆ క్షణంలో తీసుకునే నిర్ణయాలు. దాచిన ఇరవై ముప్పై బొమ్మలు ఆ డాక్టరు ఏం చూశారో చెబుతాయి. ఏం చూడలేదో చెప్పవు. వెన్నెముకను మెడ నుంచి తోక ఎముక దాకా జరుపుతూ చూడకుండా నడుము దగ్గర ఒక్క బొమ్మ తీసి దాస్తే, ఆ బొమ్మ నిక్షేపంగానే ఉంటుంది.

బ్రిటన్‌లో ఈ పని ఎక్కువగా సోనోగ్రాఫర్లు అనే శిక్షణ పొందిన సాంకేతిక నిపుణులు చేస్తారు. మన దగ్గర గర్భిణుల స్కానింగ్ చట్టప్రకారం డాక్టరే చేయాలి. అందుకే ఇక్కడ ‘సామర్థ్యం’ అంటే మూడు పనులు కలిసిన ముద్ద: సరైన బొమ్మ తీయడం, దాన్ని సరిగ్గా చదవడం, చదివినదాన్ని బట్టి ఏం చేయాలో నిర్ణయించడం. వీటిలో ఒకటి బాగా వచ్చినంత మాత్రాన మిగతావి వచ్చినట్టు కాదు. పుస్తకంలోని బొమ్మలు చూపిస్తే టకటకా చెప్పేవాళ్లు ప్రోబ్ చేతికిస్తే కాలేయం అంచు వెతుక్కుంటూ ఉండిపోవడం టీచింగ్ ఆస్పత్రుల్లో మామూలే.

నాలుగు మెట్లు

అమెరికన్ వైద్య విద్యావేత్త జార్జ్ మిల్లర్ 1990లో ఒక పిరమిడ్ గీశారు. అట్టడుగున ‘తెలుసు’. దానిపైన ‘ఎలా చేయాలో తెలుసు’. ఆపైన ‘చేసి చూపిస్తారు’. కొసన ‘చేస్తారు’. మన ఎంబీబీఎస్‌లో 2019 నుంచి అమలవుతున్న సామర్థ్య ఆధారిత పాఠ్యప్రణాళికలో ప్రతి అంశం పక్కనా కనిపించే మెట్లకు మూలం ఇదే.

మొదటి రెండు మెట్లకు రాత పరీక్ష, వైవా చాలు. మూడో మెట్టుకు ఓస్కీ అనే పరీక్ష ఉంది. స్కాట్లాండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం 1975లో మొదలుపెట్టింది. గదిలో వరసగా బల్లలు, ఒక్కో దాని మీద ఒక్కో పని, ఇన్ని నిమిషాలని గంట కొట్టడం, అందరికీ ఒకే మార్కుల పట్టీ. టొరంటోలో సర్జన్లు 1990లలో ఇదే పద్ధతిని శస్త్రచికిత్స నైపుణ్యాలకు తెచ్చారు. అల్ట్రాసౌండ్‌కు ప్రత్యేకంగా ఓసాస్ అనే కొలబద్ద ఉంది. స్కాన్ ఎందుకో తెలుసా, యంత్రం వాడకం తెలుసా, బొమ్మను మెరుగుపరుచుకుంటున్నారా, ఒక క్రమంలో చూస్తున్నారా, సరిగ్గా చదువుతున్నారా, నమోదు చేస్తున్నారా, నిర్ణయం సరైనదేనా అని ఏడు అంశాలకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు.

అసలు తిరకాసు నాలుగో మెట్టు దగ్గర. పరీక్షకుడు ఎదురుగా ఉన్నప్పుడు చేసి చూపించడం వేరు. సాయంత్రం ఓపీలో నలభయ్యో గర్భిణి బల్ల మీద పడుకున్నప్పుడు చేయడం వేరు. దీన్ని కొలవడానికి వార్డులోనే నిజమైన రోగి మీద చేస్తుండగా సీనియర్ పక్కన నిలబడి చూసి మార్కులు వేసే డాప్స్ పద్ధతి బ్రిటన్‌లో జూనియర్ డాక్టర్ల శిక్షణలో భాగం. అయినా ఎవరో చూస్తున్నారని తెలిసినంతసేపూ అది నాలుగో మెట్టు కిందికి పూర్తిగా రాదు.

ఒక్క బొమ్మను 16 మార్కులకు దిద్దితే

స్కానింగ్ నాణ్యతను ‘బాగుంది, బాలేదు’ అనే మాటల నుంచి అంకెల్లోకి తెచ్చిన పద్ధతుల్లో ఒకదాన్ని దగ్గరగా చూద్దాం. బిడ్డ బరువు లెక్కగట్టడానికి తల, పొట్ట, తొడ ఎముక కొలుస్తారు కదా. ఫ్రాన్స్‌కు చెందిన సాలొమన్ బృందం 2006లో ఈ మూడు బొమ్మలకు 16 మార్కుల పట్టీ తయారుచేసింది. తలకు 6, పొట్టకు 6, తొడ ఎముకకు 4.

పొట్ట బొమ్మ సంగతి చూడండి. అడ్డుకోత రెండువైపులా సమంగా ఉండాలి, జీర్ణాశయం నల్లటి బుడగలా కనపడాలి, కాలేయంలో వంపు తిరిగే సిర కనపడాలి, మూత్రపిండాలు కనపడకూడదు, పొట్ట తెరలో సగానికి మించి నిండాలి, కొలిచే దీర్ఘవృత్తం చర్మం బయటి అంచు మీద కూర్చోవాలి. ఒక్కోదానికి ఒక మార్కు.

ఒక పీజీ విద్యార్థి తీసిన బొమ్మలో జీర్ణాశయం ఉంది, సిర ఉంది, పరిమాణం సరిపోయింది, వృత్తం సరిగ్గానే పెట్టారు. కానీ ఒక పక్క మూత్రపిండం తొంగి చూస్తోంది, పొట్ట గుండ్రంగా కాక కోడిగుడ్డులా ఉంది. ఆరుకు నాలుగు. పరీక్షల లెక్కలో పాసే. కానీ ఆ పోయిన రెండు మార్కులు ఏం చెబుతున్నాయి? కోత అడ్డంగా కాక ఏటవాలుగా పడింది. మునక్కాయను అడ్డంగా కోస్తే గుండ్రం, ఏటవాలుగా కోస్తే కోడిగుడ్డు. కోడిగుడ్డు చుట్టుకొలత ఎక్కువ. పొట్ట కొలత పెరిగితే లెక్కలో బరువు పెరుగుతుంది. ఎదుగుదల ఆగిన బిడ్డ కాగితం మీద బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ కోతనే నిర్దాక్షిణ్యంగా పట్టుకోవడానికే ‘మూత్రపిండాలు కనపడకూడదు’ అనే అంశం పెట్టారు.

తొడ ఎముకలో చిక్కు వేరు. రెండు కొసలూ స్పష్టంగా కనపడకపోతే, ఎముక తెరకు అడ్డంగా కాకుండా 45 డిగ్రీలు దాటి నిటారుగా నిలబడితే కొలత పొట్టిదైపోతుంది. ఒక కొలత పెరిగి ఇంకోటి తగ్గితే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసుకోవచ్చు కూడా. నిపుణులు కొలిచినా స్కానింగ్ బరువులో 10 నుంచి 15 శాతం అటూఇటూ ఉంటుంది. అంటే 2,500 గ్రాములని రాసిన బిడ్డ 2,125 నుంచి 2,875 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ సహజమైన వదులులో నేర్చుకునేవాళ్ల తప్పులు హాయిగా దాక్కుంటాయి.

పట్టీకీ పరిమితి ఉంది. పది బొమ్మలు తీసి, తొమ్మిది చెరిపేసి, మంచిదొకటి దిద్దడానికి పంపితే 16కు 16 వస్తాయి. దానికి పది నిమిషాలు పట్టిందా గంట పట్టిందా అన్నది బొమ్మ చెప్పదు. అందుకే కదిలే వీడియో తుంపు అడగడం, లేదా పక్కన నిలబడి చూడడం.

సగటు దాచేసే సంగతి

బొమ్మ సరే, కొలత సరైనదేనా అని ఎలా తేలుస్తారు? విద్యార్థి కొలుస్తారు, అదే బిడ్డను సీనియర్ విడిగా కొలుస్తారు, ఇద్దరి అంకెలూ ఒకరికొకరు చూసుకోకూడదు. ఈ చివరి షరతు తప్పితే పరీక్ష అంతా దండగ. సీనియర్ అంకె వినపడగానే విద్యార్థి దీర్ఘవృత్తం దానంతటదే అటు జరుగుతుంది.

ఇద్దరు విద్యార్థులు ఐదుగురు బిడ్డల పొట్ట చుట్టుకొలత తీశారనుకుందాం. సీనియర్ కొలతతో తేడా మిల్లీమీటర్లలో:

మొదటి విద్యార్థి: +7, +8, +9, +8, +8. సగటు తేడా +8.

రెండో విద్యార్థి: +15, −14, +12, −13, 0. సగటు తేడా సున్నా.

సగటే చూస్తే రెండో విద్యార్థి మహా నిపుణుడు. కానీ ఏ ఒక్క బిడ్డ విషయంలోనైనా నమ్మదగ్గది మొదటి విద్యార్థి చెయ్యే. ఆ తప్పు ఒక పద్ధతిగా ఉంది. గెయిన్ (తెర మీద బొమ్మ వెలుగు) ఎక్కువ పెట్టడం వల్ల అంచు మందంగా వెలిగి, వృత్తం బయటికి జరుగుతోందేమో చూసి సరిచేస్తే సాయంత్రానికి దారికొస్తుంది. రెండో విద్యార్థికి సరైన కోత దొరకడమే లేదు. కొన్ని వారాల పని మిగిలే ఉంది. పరీక్ష ఫలితాన్ని ఒక్క అంకెగా కుదించినప్పుడు మొదట పోయేది ఈ తేడానే. ఎవరికి ఏం నేర్పాలో చెప్పేది కూడా ఇదే.

ఎన్ని చేస్తే చాలు?

అందరూ అడిగే ప్రశ్న ఇదే, జవాబుల్లో అంకెలకూ కొదవ లేదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఎమర్జెన్సీ ఫిజీషియన్స్ ఒక్కో రకం స్కానింగ్‌కు 25 నుంచి 50 చేయాలంటుంది. మన దేశంలో ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం 2014లో వచ్చిన నిబంధనలు ఆరు నెలల్లో 300 గంటల శిక్షణ అంటాయి.

ఇలాంటి అంకెలకు ఒక ఉపయోగం ఉంది. లెక్కపెట్టడం తేలిక, నిర్వహణ తేలిక, ఎవరితోనూ పేచీ ఉండదు. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఒకరికి 15 కేసులకే పట్టుబడుతుంది, ఇంకొకరికి 60 అయినా పట్టుబడదు. యాభై మందికీ ఒకే తప్పు కోత కోస్తే నేర్చుకున్నది ఆ తప్పునే. పైగా చేసిన కేసులు రాసుకునే లాగ్‌బుక్ అనే పుస్తకాన్ని ఏడాది పొడుగునా ఏ రోజుకారోజు నింపారా, సంతకాల గడువు ముందు వారం కూర్చుని నింపారా అన్నది పేజీల నలుగుడు చూసినా తెలిసిపోతుంది.

సంఖ్యల్లో ఇంకో మోసం కూడా ఉంది. వరసగా 20 కేసులు ఒక్క తప్పు లేకుండా చేశారంటే మనం నిశ్చింతగా ఉంటాం. గణితంలో ఒక చిన్న సూత్రం ఉంది: ఒక్క వైఫల్యమూ లేనప్పుడు, 3ను కేసుల సంఖ్యతో భాగిస్తే, అసలు వైఫల్యం రేటు ఎంత దాకా ఉండొచ్చో 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. 3 బై 20 అంటే 15 శాతం. ఇరవైకి ఇరవై సరిగ్గా చేసిన చెయ్యి నిజానికి వందలో పదిహేను తప్పే చెయ్యి కూడా కావచ్చు, ఇంతవరకూ అదృష్టం కలిసొచ్చి ఉండొచ్చు. ఒక శాతం కంటే తక్కువ తప్పుతుందని చెప్పాలంటే తప్పు లేకుండా 300 కేసులు కావాలి. ఇంటర్న్‌షిప్‌లో అన్ని దొరకడం కల్ల.

తప్పొప్పుల పద్దు

మరి దారేంటి? పరిశ్రమల్లో నాణ్యత తనిఖీ నుంచి వైద్యానికి అరువు తెచ్చుకున్న పద్ధతి ఒకటి ఉంది. పేరు కుసమ్. కిరాణా కొట్టు ఖాతా లాంటిదే: ఒప్పు జరిగితే కొంచెం తీసివేత, తప్పు జరిగితే ఎక్కువ కూడిక.

వెన్నులో మత్తు సూది వేయడం నేర్చుకుంటున్న అనస్తీషియా విద్యార్థిని తీసుకుందాం. మొదట రెండు అంకెలు ఒప్పుకోవాలి. పది శాతం వైఫల్యం సరే, ఇరవై శాతం అయితే ఒప్పుకోం. తప్పుగా తీర్పు చెప్పే అవకాశం రెండువైపులా పది శాతం దాకా భరిస్తాం. ఈ అంకెలు సూత్రంలో వేస్తే వచ్చే లెక్క ఇది: ప్రతి సఫలతకూ 0.145 తీసివేయాలి, ప్రతి వైఫల్యానికీ 0.855 కలపాలి. ఖాతా −2.71 కిందికి దిగితే ఆ పని పట్టుబడినట్టు లెక్క. +2.71 పైకి ఎగబాకితే ఆపి మళ్లీ నేర్పాలి.

వరసగా అన్నీ సరిగ్గా పడితే 19వ కేసుతో (19 × 0.145 = 2.755) గీత దాటుతారు. మధ్యలో ఒకటి తప్పితే 26 కేసులు కావాలి. మూడు తప్పితే 40. మొదట్లోనే వరసగా నాలుగు తప్పితే ఖాతా 3.42కు చేరి పైగీత దాటేస్తుంది. ఒక్కో వైఫల్యానికి ఇంచుమించు ఆరు సఫలతలు కట్టాలన్నమాట. అందరికీ ఒకే సంఖ్య కాకుండా ఎవరి వేగం వాళ్లదిగా, గీత మాత్రం అందరికీ ఒకటిగా ఉండడం ఇందులో సొగసు.

గొడవంతా ‘వైఫల్యం’ అంటే ఏమిటన్న దగ్గర వస్తుంది. సూది మూడుసార్లు గుచ్చి నాలుగోసారి పడితే? సీనియర్ చేయి వేసి రెండు డిగ్రీలు వంచితే? ముందే రాసిపెట్టుకోకపోతే ఎవరి ఖాతా వాళ్లు ఉదారంగా రాసుకుంటారు. సీనియర్ చేతి తొడుగు వేసుకున్నారంటే అది వైఫల్యమే అని పెట్టుకోవడం మంచి నియమం, కఠినమే అయినా. మరో చిక్కు, లావుపాటి రోగికీ సన్నటి రోగికీ ఈ పద్దులో ఒకే మార్కు. తేలిక కేసులు ఏరుకునేవాళ్లు తొందరగా గీత దాటేస్తారు. ఇంకా, బొత్తిగా కొత్తవాళ్లకు మొదటి రోజు నుంచే పద్దు తెరిస్తే తొలి తప్పులే పైగీతకు తోసేస్తాయి. సాధన కోసం వాడే మనిషి బొమ్మ మీద నేర్చుకోవడం అయ్యాకే తెరవడం న్యాయం.

ఇరవైలో పంతొమ్మిది సరిగ్గా చేసి ముంచేయడం

ఇప్పటిదాకా చెప్పినవి కొలతల పరీక్షలు. సూది గుచ్చే పనుల్లో ఇంకో రకం చిక్కు ఉంది. ఐసీయూలో మెడ దగ్గర పెద్ద సిరలోకి గొట్టం వేసే సెంట్రల్ లైన్ తీసుకుందాం. ఈ రోజుల్లో దీన్ని అల్ట్రాసౌండ్ చూస్తూ వేస్తారు.

ప్రోబ్‌ను మెడ మీద అడ్డంగా ఆనిస్తే రెండు నల్లటి వలయాలు కనపడతాయి. నొక్కితే చప్పబడిపోయేది సిర, కొట్టుకుంటూ గుండ్రంగానే నిలబడేది కెరోటిడ్ ధమని. సూది దింపుతుంటే తెర మీద ఒక తెల్లటి చుక్క కనిపిస్తుంది. కొత్తవాళ్లు అది సూది మొన అనుకుంటారు. అది మొన కానక్కర్లేదు. శబ్ద తరంగాల పలక సూదిని ఎక్కడ కోస్తే అక్కడ చుక్క కనపడుతుంది, సూది నడుమ భాగమైనా సరే. చుక్క సిర మధ్యలో నిశ్చలంగా ఉంటుంది, మొన మాత్రం వెనక గోడ దాటి ధమనిలోకి దిగిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు, సూదితో పాటు ప్రోబ్‌నూ కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ చుక్క మాయమయ్యే చోటును వెతకడం. మొన అక్కడ ఉంటుంది.

సూది ధమనిలో గుచ్చుకుంటే తీసేసి గట్టిగా నొక్కి పట్టుకోవచ్చు, సాధారణంగా ఆగుతుంది. దాని వెంట గైడ్‌వైరు వేసి, వైరు మీదుగా దారి వెడల్పు చేసే డైలేటర్ దించితేనే అసలు ప్రమాదం. ఆ రంధ్రం నొక్కితే మూసుకోదు. రక్తస్రావం, పక్షవాతం, ఒక్కోసారి ప్రాణమే పోవచ్చు. అందుకే డైలేటర్ చేతికి తీసుకునే ముందు ప్రోబ్‌ను నిలువుగా తిప్పి వైరు సిరలోనే ఉందని కళ్లారా చూసుకోవాలి.

ఇప్పుడు మార్కుల పట్టీ సంగతి. ఇరవై అంశాలు: చేతులు కడుక్కోవడం, గౌను, క్లోర్‌హెక్సిడిన్, రోగి తల కిందికి వంచడం, ప్రోబ్‌కు తొడుగు, మత్తు, సూది, వైరు, డైలేటర్, కుట్టు... ఒకరు అన్నీ చేసి వైరు చూసుకోవడం ఒక్కటి వదిలేశారు. 95 శాతం. ఇంకొకరు వైరు చూసుకున్నారు గానీ మూడు చిన్న అంశాలు మరిచారు. 85 శాతం. పట్టీ ప్రకారం మొదటివారే మెరుగు. రోగి పక్షాన చూస్తే తలకిందులు.

దీనికి రెండు మందులు వాడుతున్నారు. ఒకటి, కొన్ని అంశాలను ప్రాణాంతక అంశాలుగా గుర్తించి, అవి తప్పితే మిగతా మార్కులు ఎన్నొచ్చినా ఫెయిల్ చేయడం. రెండోది, పట్టీతో పాటు చేతి పొందిక, వేగం, పనిలో ప్రవాహం, ముందుచూపు లాంటి వాటికి అనుభవజ్ఞుడి మొత్తం మీద అంచనా. పట్టీ కొత్తవాళ్లను బాగా కొలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు నాలుగు మెట్లు కలిపి ఒకటిగా చేసేస్తారు, పట్టీలో మార్కులు పోగొట్టుకుంటారు. అక్కడ మొత్తం అంచనాయే నిజానికి దగ్గరగా ఉంటుందని వైద్య విద్యా పరిశోధనలు చాలాసార్లు చూపాయి. కానీ మొత్తం అంచనా వేసేది మనిషి కాబట్టి పక్షపాతానికి తలుపు తీసినట్టే.

చికాగోలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో ఇంకో దారి పట్టారు. నిర్ణీత స్థాయి వచ్చేదాకా రెసిడెంట్ల (శిక్షణలో ఉన్న డాక్టర్ల) చేత మనిషి బొమ్మ మీదే సెంట్రల్ లైన్ వేయిస్తారు. ఎన్ని రోజులైనా సరే, స్థాయి మాత్రం తగ్గించరు. మన పరీక్షల్లో కాలం స్థిరం, స్థాయి అటూఇటూ. ఇక్కడ స్థాయి స్థిరం, కాలం అటూఇటూ. 2009లో వాళ్లు ప్రచురించిన లెక్కలో, ఐసీయూలో లైన్ వల్ల వచ్చే రక్త ఇన్ఫెక్షన్లు వెయ్యి కేథటర్ రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే ఒక కేథటర్ రోజు) 3.2 నుంచి 0.5కు తగ్గాయి. ఒకే ఆస్పత్రిలో ముందూ తర్వాతా పోల్చిన లెక్క అది, ఆ మేరకే తీసుకోవాలి. కానీ పరీక్ష పద్ధతి మారితే రోగి ఒంట్లో తేడా కనిపించడం అరుదుగా దొరికే రుజువు.

పరీక్షించేవాళ్లను పరీక్షించడం

ఒకే వీడియో నలుగురు ప్రొఫెసర్లకు చూపిస్తే నాలుగు రకాల మార్కులు వస్తాయి. ఒకరు కఠినంగా వేసే గద్ద, ఒకరు ఉదారంగా వేసే పావురం. అది చిన్న సమస్య, పలువురి మార్కులు కలిపి సరిచేయొచ్చు. పెద్ద సమస్య వేరే ఉంది. నేర్పినవాళ్లే పరీక్షకులైనప్పుడు ఫెయిల్ చేయడానికి చెయ్యి రాదు. ఫెయిల్ చేస్తే మళ్లీ నేర్పాల్సింది తామే, సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందీ తామే. రెండేళ్లు ‘అమ్మా’ అని పిలిచిన విద్యార్థిని ‘స్థాయికి తక్కువ’ గడిలో వేయడం మనుషులకు కష్టం. అందుకే డాప్స్ కాగితాల మీద అందరూ ‘సగటు కంటే ఎక్కువే’. అందరూ సగటు కంటే ఎక్కువెలా అవుతారో గణితానికి తెలియదు!

నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌కు చెందిన ఓలె టెన్ కాటె 2005లో ప్రశ్ననే మార్చారు. ‘ఎంత బాగా చేశారు?’ అని అడగకండి, ‘మీరు ఎంత దగ్గరగా ఉండాల్సి వచ్చింది?’ అని అడగండన్నారు. మొదటి స్థాయిలో విద్యార్థి చూస్తారంతే. రెండోదానిలో సీనియర్ గదిలో ఉండగా చేస్తారు. మూడోదానిలో పిలిస్తే అందే దూరంలో సీనియర్ ఉంటారు. నాలుగులో ఒంటరిగా చేస్తారు. ఐదులో ఇంకొకరికి నేర్పుతారు. రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టరు ఫోన్ చేసి ‘సార్, స్కాన్ చేశాను, రక్తం లేదు’ అంటే లేచి వెళ్లాలా, పక్కకు తిరిగి పడుకోవచ్చా అనే నిర్ణయం సీనియర్లు రోజూ తీసుకునేదే. మార్కులు వేయమంటే మొహమాటపడే మనిషి కూడా ఈ ప్రశ్నకు నిజం చెబుతారు, ఎందుకంటే తప్పితే తెల్లారి జవాబు చెప్పాల్సింది తనే.

ఒక్కసారి చూసి తేల్చడం మాత్రం ఎవరి వల్లా కాదు. ఒక కేసులో బాగా చేసినవారు తర్వాతి కేసులో తడబడతారు. వేర్వేరు రోగులు, వేర్వేరు రోజులు, వేర్వేరు పరీక్షకులు ఉండాలి.

మన దగ్గర చట్టం ఏమంటోంది, గొడవ దేనికి

లింగ నిర్ధారణను అరికట్టడానికి 1994లో వచ్చి, 2003లో సవరణ జరిగిన పీసీపీఎన్‌డీటీ చట్టమే ఎవరు స్కానింగ్ చేయొచ్చో కూడా చెబుతుంది. 2014 నిబంధనలు 300 గంటల శిక్షణతో పాటు సామర్థ్య పరీక్ష కూడా పెట్టాయి. అప్పటికే అనుభవంతో స్కానింగ్ చేస్తున్న ఎంబీబీఎస్ డాక్టర్లు ఆ పరీక్ష పాసైతే శిక్షణ అక్కర్లేదు, తప్పితే మొత్తం ఆరు నెలలూ చేయాల్సిందే. 2016 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు ఈ శిక్షణ షరతును కొట్టేసింది. వైద్య అర్హతలు తేల్చడం వైద్య మండలి పని అన్నది స్థూలంగా దాని తర్కం. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది.

రేడియాలజిస్టుల వాదన ఇది: మేం మూడేళ్లు ఇదే పనిగా నేర్చుకుంటాం, 300 గంటల్లో తెలిసేది ఏం కనపడుతుందో మాత్రమే, ఏం కనపడకుండా పోయిందో కాదు. కొద్దిగా వచ్చినవాళ్లకు తమకు రానిదేదో తెలియదు, ప్రమాదం అక్కడే. అవతలి వాదన: మండల కేంద్రంలో రేడియాలజిస్టు ఎక్కడున్నారు? రోడ్డు ప్రమాదంలో పొట్ట ఉబ్బిన మనిషిని పక్క జిల్లాకు స్కానింగ్‌కు పంపేలోపు ఏమవుతుంది? ప్రసవ గదిలో ఉన్న గైనకాలజిస్టుకు బిడ్డ తల ఎటుందో చూసే హక్కు లేదా?

రెండూ నిజాలే. పేచీ ఎందుకు తెగదంటే, ‘స్కానింగ్’ అనే ఒక్క మాట రెండు వేర్వేరు పనులకు వాడుతున్నాం. ప్రమాద బాధితుడికి చేసే ఫాస్ట్ స్కాన్‌లో చూసేవి నాలుగు చోట్లే: కాలేయానికీ కుడి మూత్రపిండానికీ మధ్య, ప్లీహానికీ ఎడమ మూత్రపిండానికీ మధ్య, కటి కుహరం, గుండె చుట్టూ. ప్రశ్న ఒక్కటే, ద్రవం ఉందా లేదా? జవాబు అవునో కాదో. దాన్ని 25 నుంచి 50 కేసుల్లో నేర్పడం ఊహించదగ్గదే, ‘లేదు’ అంటే రక్తస్రావం లేదని కాదని కూడా నేర్పితే. వెన్నెముక వైపు కారే రక్తం ఇందులో దొరకదు, గడ్డకట్టిన రక్తం కాలేయంలాగే బూడిద రంగులో కనపడి మోసం చేస్తుంది, మొదటి పది నిమిషాల్లో చేరని రక్తం అరగంటకు చేరొచ్చు కాబట్టి మళ్లీ చూడాలి. టిఫా దీనికి పూర్తిగా వేరు. మెదడు నుంచి పాదం దాకా పదుల కొద్దీ అవయవాలు, ఒక్కోదానికి ‘మామూలు’ అంటే ఏమిటో వారం వారం మారే లెక్క. ఈ రెంటికీ ఒకే గంటల లెక్క, ఒకే లైసెన్సు పెట్టినంతకాలం ఎవరి వాదన వాళ్లకు సరైనదే.

పరీక్ష ఒక్కో పనికి విడిగా ఉండాలన్నది ఇక్కడ తేలే విషయం. చట్టం చూపు మాత్రం వేరే చోట ఉంది. 2019లో సుప్రీంకోర్టు, గర్భిణి స్కానింగ్‌కు చట్టప్రకారం నింపాల్సిన ఫారం-ఎఫ్‌లో వివరాలు వదిలేయడాన్ని గుమస్తా పొరపాటుగా కొట్టిపారేయలేమంది. లింగ ఎంపికను ఆపాలన్న లక్ష్యానికి ఆ కఠినత్వం అర్థమవుతుంది. కానీ ఫలితం చూడండి: ఫారంలో గడి వదిలేస్తే తనిఖీలో బయటపడుతుంది, వెన్నెముక చూడకుండా వదిలేస్తే కాన్పు తర్వాత బయటపడుతుంది.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

చేతి పని వాడకపోతే తుప్పు పడుతుంది. ఏడాదికి నాలుగు సెంట్రల్ లైన్లు వేసే డాక్టరు ఐదేళ్ల కిందటి సర్టిఫికెట్ చూపించడం వల్ల రోగికి ఒరిగేది లేదు. ఒక్కసారి పరీక్ష పెట్టి వదిలేయకుండా ఏటా చూసే ఏర్పాటు స్కానింగ్‌లో ఒకచోట గట్టిగా ఉంది. మూడో నెల చివర బిడ్డ మెడ వెనక ద్రవం మందాన్ని కొలిచే ఎన్‌టీ స్కాన్ అది. లండన్‌లోని ఫీటల్ మెడిసిన్ ఫౌండేషన్ ఇచ్చే ధ్రువపత్రం ఏడాదికోసారి ఆడిట్ దాటితేనే నిలుస్తుంది. మన డాక్టర్లలోనూ ఇది తీసుకున్నవాళ్లు ఉన్నారు.

కారణం కొలత సున్నితత్వం. బిడ్డ పొడవు 45 నుంచి 84 మిల్లీమీటర్ల మధ్య ఉన్నప్పుడే తీయాలి. తల, ఛాతీ పైభాగం మాత్రమే తెర నిండా కనపడాలి. కొలిచే గుర్తు ఒక్కో అడుగుకు 0.1 మిల్లీమీటరే జరగాలి. బిడ్డ మెడ వెనక్కి వాలి ఉంటే కొలత 0.6 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, గడ్డం ఛాతీకి ఆనితే 0.4 దాకా తగ్గుతుంది. రెండు, మూడు మిల్లీమీటర్ల లెక్కలో డౌన్ సిండ్రోమ్ ముప్పు తేలే చోట అది చాలా పెద్ద తేడా.

ఆడిట్‌లో బొమ్మలతో పాటు ఆ డాక్టరు ఏడాది పొడుగునా రాసిన కొలతలన్నీ ప్రామాణిక వక్రరేఖ పక్కన పెట్టి చూస్తారు. సక్రమంగా కొలిచే చేతి కింద ఇంచుమించు సగం కొలతలు మధ్యరేఖకు పైన, సగం కింద పడాలి. ఒక డాక్టరువి నూటికి ఎనభై కింద పడ్డాయనుకోండి. ఆయన తీసిన బొమ్మలు విడివిడిగా తీసి ఏ ప్రొఫెసర్‌కు చూపించినా మార్కులు బాగానే పడతాయి, గుర్తు ఒక్క అడుగు లోపలికి పెట్టడం ఒక్క బొమ్మలో కంటికి ఆనదు. అరవై డెబ్భై కొలతలు వరసలో పేర్చినప్పుడే ఆ చెయ్యి ప్రతిసారీ ఒకేవైపు ఒరుగుతోందని బయటపడుతుంది.